బోర్మా సెన్సర్లు టేబుల్ మీద బాగానే చదువుతున్నాయి, షెడ్డులో పెడితే మధ్యమధ్యలో పోతున్నాయి (పైథాన్, ఆర్‌ఎస్ 485, మోడ్‌బస్)

పలాస_పిక్కలు

అందరికీ నమస్కారం. పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌లో కరెంటు పనులు, కంప్యూటర్ పనులు రెండూ నేనే చూస్తాను. మా దగ్గర రెండు బోర్మాలున్నాయి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, పిక్క కొట్టి తీసిన పప్పును ట్రేలలో పరిచి వేడిగాలికి ఆరబెట్టే గదిని బోర్మా అంటాం. అక్కడ వేడి ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది. తక్కువైతే పొట్టు ఊడదు, ఒలిచేటప్పుడు గుండు (విరగని పప్పు) కాస్తా బద్దలైపోతుంది. ఎటు చూసినా రేటు పడిపోతుంది. రాత్రి షిఫ్టులో ఒక్క మనిషే ఉంటాడు కాబట్టి వేడి ఎంతుందో ఫోన్‌లో కనిపించాలని మా ఓనరు గారి కోరిక.

ఒక్కో బోర్మాలో రెండు ఉష్ణోగ్రత, తేమ ట్రాన్స్‌మిటర్లు పెట్టాం. ప్యానెల్‌లో ఒక ఎనర్జీ మీటర్ ఉంది. అన్నీ ఆర్‌ఎస్ 485 (డేటా వైర్ల లైన్) మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ (ఒకరు అడిగితే పరికరాలు జవాబిచ్చే పద్ధతి). ఆఫీసు గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (కింద 'పై' అన్నది దీన్నే), దానికి యూఎస్‌బీ కన్వర్టర్. పైథాన్‌లో మినిమల్‌మోడ్‌బస్ లైబ్రరీ వాడుతున్నాను. స్పీడు 9600, పారిటీ లేదు. అడ్రస్‌లు 1 నుంచి 5 వరకు, ఎక్కడా రెండుసార్లు రాలేదు.

టేబుల్ మీద పెట్టి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. షెడ్డులో బిగించాక ఒకసారి సమాధానం రాలేదంటుంది, ఒకసారి చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూసే లెక్క, సీఆర్‌సీ అన్నా ఇదే) తప్పంటుంది. బ్లోయర్ తిరుగుతున్నప్పుడు మరీ ఎక్కువ. ఇది చాలదన్నట్టు ఎనర్జీ మీటర్ వోల్టేజీ దగ్గర మైనస్ సున్నా చూపిస్తోంది. మీటర్ డిస్‌ప్లే మీద మాత్రం 230.5 చక్కగా కనిపిస్తోంది. కోడ్‌లో ఎక్కడ చూడాలో చెప్పండి.

బొబ్బిలి_ప్యానెల్

తమ్ముడూ, కోడ్ పక్కన పెట్టు. టేబుల్ మీద పనిచేసిన కోడే షెడ్డులోనూ నడుస్తోంది కదా. మారింది వైరు. దాని సంగతి చెప్పు ముందు. ఏ కేబుల్ లాగారు? ఎంత దూరం? ఒక సెన్సర్ నుంచి ఇంకో సెన్సర్‌కి వరసగా వెళ్లిందా, జంక్షన్ బాక్స్ దగ్గర పాయలుగా చీలిందా? బ్లోయర్‌కి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉందా? ఉంటే దాని మోటారు కేబుల్ ఎటు నుంచి పోతోంది?

ఇంకొకటి. ఆ లైన్ మీద హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే తెర) గానీ పీఎల్‌సీ (మెషిన్లు నడిపే కంట్రోలర్) గానీ ఉండి, అది కూడా సెన్సర్లని అడుగుతోందా? మోడ్‌బస్ ఆర్‌టీయూలో అడిగేవాడు ఒక్కడే ఉండాలి. ఇద్దరు అడిగితే సమాధానాలు ఒకదాని మీద ఒకటి పడి చెడిపోతాయి.

పలాస_పిక్కలు

అన్నా, అడిగేది పై ఒక్కటే. హెచ్‌ఎంఐ లేదు. కేబుల్ మా ఎలక్ట్రీషియన్ లాగాడు. మామూలు నాలుగు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు, మెలి లేదు, షీల్డ్ లేదు. ఆఫీసు నుంచి చివరి బోర్మా దాకా 60 మీటర్లు. మధ్యలో ఒక జంక్షన్ బాక్స్, అక్కడ మూడు పాయలు. బ్లోయర్‌కి వీఎఫ్‌డీ ఉంది. దాని మోటారు కేబుల్, మన వైరు ఒకే ట్రేలో వెళ్తున్నాయి.

రాజాం_కుర్రాడు

అన్నా, రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ (టెర్మినేటర్) పెట్టారా? ఎక్కడ చదివినా మొదట అదే చెప్తున్నారు. నేను మా కాలేజీ ప్రాజెక్టులో పెట్టాను, పనిచేసింది. నాదైతే రెండు మీటర్ల వైరే.

గంటస్తంభం

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను, విజయనగరం. ఈ 120 ఓమ్‌ల విషయం మా పిల్లలు కూడా సూత్రంలా బట్టీ పెడతారు. కాబట్టి దీన్ని కొంచెం లెక్క వేసి చూద్దాం.

9600 స్పీడులో ఒక్క బిట్ సుమారు 104 మైక్రో సెకన్లు ఉంటుంది. సిగ్నల్ వైరులో మీటరుకి దాదాపు 5 నానో సెకన్లు తీసుకుంటుంది. 60 మీటర్లు వెళ్లి చివర తగిలి వెనక్కి రావడానికి 600 నానో సెకన్లు, అంటే ఒక మైక్రో సెకనులో సగం పైచిలుకు. సెన్సర్ బిట్‌ను చదివేది దాని మధ్యలో, దాదాపు 50 మైక్రో సెకన్ల దగ్గర. ఆపాటికి ప్రతిధ్వని ఎన్నోసార్లు అటూ ఇటూ తిరిగి చచ్చిపోయి ఉంటుంది. ఇంత తక్కువ స్పీడులో, ఇంత తక్కువ దూరంలో టెర్మినేషన్ లేకపోవడం ఈ జబ్బుకి కారణం కాదు. మూడు పాయలుగా చీలడం మంచి అలవాటు కాదు, కానీ ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చేది అదీ కాదు. 115200 స్పీడులో, వందల మీటర్ల లైన్ అయితే నేను వేరేలా మాట్లాడతాను.

నా అనుమానం రెండింటి మీద. మెలి లేని వైరు వీఎఫ్‌డీ కేబుల్ పక్కన ఉండటం ఒకటి. ఎవరూ మాట్లాడనప్పుడు లైన్‌ని నిలబెట్టేది ఏదీ లేకపోవడం రెండోది.

బొబ్బిలి_ప్యానెల్

మేడం చెప్పిన లెక్కకి నేను ఎదురు చెప్పను. కానీ పాయలు చీల్చిన లైన్‌లో తప్పు ఎక్కడుందో వెతకడం ఎంత కష్టమో ప్యానెల్ ముందు నిలబడ్డవాడికి తెలుస్తుంది. వరసగా వెళ్లిన లైన్‌ని మధ్యలో విడదీసి ఇటు సగం, అటు సగం చూసుకుంటూ పోవచ్చు. అందుకే వరసగానే లాగమంటాను.

ఆర్‌ఎస్ 485 అనేది 1983లో వచ్చిన ప్రమాణం. రెండు వైర్ల మధ్య వోల్టేజీ తేడాని చదువుతుంది, ఒక్కో వైరు మీద విడిగా ఎంతుందని చూడదు. బయటి నాయిస్ రెండు వైర్ల మీదా సమానంగా పడితే తేడాలో అది కొట్టుకుపోతుంది. సమానంగా పడాలంటే రెండూ మెలేసి ఉండాలి. మీ ఫ్లెక్సిబుల్ వైరులో ఒక కోరు మోటారు కేబుల్‌కి దగ్గర, ఇంకొకటి దూరం. నాయిస్ ఒకదాని మీద ఎక్కువ పడుతుంది, అదే డేటాలా కనిపిస్తుంది.

మూడో వైరు కూడా కావాలి తమ్ముడూ. ఏ, బీ అనే రెండు డేటా వైర్లే లాగి వదిలేస్తారు చాలామంది. ప్రమాణం ప్రకారం రిసీవర్ తన గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకానే తట్టుకుంటుంది. ఆఫీసు గదిలో ఎర్త్ ఒకలా, బోర్మా ప్యానెల్ దగ్గర ఇంకోలా ఉంటే ఆ హద్దు దాటిపోతుంది. కామన్ వైరు కలిపితే ఆ గొడవ ఉండదు.

ఏ, బీ తారుమారైతే ఏమీ కాలిపోదు, సమాధానం మాత్రం రాదు. ఒక కంపెనీ ఏ అని రాసినదాన్ని ఇంకో కంపెనీ బీ అని రాస్తుంది. పేరు చూసి నమ్మొద్దు, మీటర్ పెట్టి చూడు. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ప్లస్ వైపు, మైనస్ వైపు మధ్య కనీసం 200 మిల్లీవోల్టులు ప్లస్‌గా ఉండాలి. కరెంటు తీసేసి రెండింటి మధ్య ఓమ్‌లు కూడా చూడు. టెర్మినేటర్లు రెండుంటే 60 దగ్గర చూపిస్తుంది. ఒకటే ఉంటే 120. 40 చూపిస్తే ఎవరో మధ్యలో మూడోది కూడా పెట్టారన్నమాట. కొన్ని కన్వర్టర్ల లోపలే ఒకటి ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది.

పైడిభీమవరం_షిఫ్ట్

షీల్డ్ ఉన్న కేబుల్ తీసుకుంటే షీల్డ్‌ని ఒక చివరే ఎర్త్ చేయండి. రెండు చివర్లా కలిపితే రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఉన్నప్పుడు షీల్డ్‌లోనే కరెంటు పారుతుంది. మోటారు కేబుల్‌కి దూరంగా వేరే ట్రేలో తీసుకెళ్లండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి, పక్కపక్కన పరుగు పెట్టనివ్వొద్దు.

కన్వర్టర్ ఐసొలేటెడ్‌ది (రెండు వైపులా కరెంటు నేరుగా కలవనిది) కొనండి. ఖరీదు కాస్త ఎక్కువే, కానీ పిడుగు పడ్డప్పుడో, ఎక్కడో షార్ట్ అయినప్పుడో పోతే కన్వర్టర్ పోతుంది, పై మిగులుతుంది.

పలాస_పిక్కలు

మీటర్ పెట్టి చూశాను అన్నా. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు 30 మిల్లీవోల్టులు కూడా లేదు. బ్లోయర్ వేస్తే ఆ అంకె ఒకచోట నిలవట్లేదు. ఓమ్‌లు చూస్తే కిలో ఓమ్‌లలో ఉంది, అంటే టెర్మినేటర్ ఒక్కటీ లేదు.

గంటస్తంభం

సరిగ్గా అదే. బాబూ, ఇప్పుడు పైథాన్ దగ్గరికి వద్దాం. వచ్చిన బైట్లు కళ్లతో చూడకుండా ఏదీ తేల్చొద్దు. మినిమల్‌మోడ్‌బస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ తయారుచేశాక దాని డీబగ్ అనే గుణానికి ట్రూ ఇవ్వండి. పంపినది, వచ్చినది హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) తెర మీద పడుతుంది. బ్లోయర్ ఆపి ఒకటి, వేసి ఒకటి ఇక్కడ పెట్టండి.

పలాస_పిక్కలు

మేడం, అడ్రస్ 1 సెన్సర్‌ది పెడుతున్నాను. ఫోన్‌లో టైపు చేస్తున్నాను కాబట్టి హెక్స్ అక్షరాలు తెలుగులోనే రాస్తున్నాను.

పంపినది: 01 04 00 01 00 02 20 0బీ

బ్లోయర్ ఆపినప్పుడు వచ్చినది: 01 04 04 02 85 00 బీ6 6ఏ 63

బ్లోయర్ వేసినప్పుడు, చెక్‌సమ్ ఎర్రర్‌తో: 00 01 04 04 02 85 00 బీ6 6ఏ

గంటస్తంభం

ఈ మూడు వరసల్లోనే అంతా ఉంది. రాజాం అబ్బాయి కూడా చదువుతున్నాడు కాబట్టి విడమరిచి రాస్తాను.

పంపినదాంట్లో మొదటి 01 సెన్సర్ అడ్రస్. 04 అంటే ఇన్‌పుట్ రిజిస్టర్లు (సెన్సర్ విలువలు ఉండే గళ్లు) చదవమని. 00 01 ఎక్కడ మొదలుపెట్టాలో, 00 02 ఎన్ని కావాలో. చివరి రెండు బైట్లు సీఆర్‌సీ, మోడ్‌బస్‌లో దాని చిన్న బైట్ ముందు వస్తుంది.

మంచి సమాధానంలో అడ్రస్, ఫంక్షన్ తర్వాత వచ్చిన 04 అంటే నాలుగు బైట్ల డేటా ఉందని. 02 85 ని పదుల లెక్కలోకి మారిస్తే 645. సెన్సర్ పదితో గుణించి పంపుతుంది కాబట్టి 64.5 డిగ్రీలు. 00 బీ6 అంటే 182, అంటే తేమ 18.2 శాతం. 6ఏ 63 సీఆర్‌సీ. నేను లెక్కేసి చూశాను, సరిపోయింది.

ఇప్పుడు చెడిపోయినదాన్ని చూడండి. నిజానికి డేటా చెడిపోలేదు! ముందు ఒక 00 వచ్చి చేరింది. లైబ్రరీ తొమ్మిది బైట్లు రావాలని ముందే లెక్క వేసుకుని తొమ్మిదే చదువుతుంది. ముందు ఒక అనవసరపు బైట్ చేరేసరికి చివరి 63 బయటే ఉండిపోయింది. మిగిలినదానికి సీఆర్‌సీ ఎలా కుదురుతుంది?

ఆ 00 ఎక్కడిది? పై అడగడం ముగించి లైన్ వదిలేసింది, సెన్సర్ ఇంకా అందుకోలేదు. ఆ మధ్యలో లైన్ ఎవరి చేతిలోనూ లేదు. ఖాళీ లైన్‌ని ప్లస్ వైపు పట్టి ఉంచేది లేదు కాబట్టి బ్లోయర్ నాయిస్‌కి అది అటూ ఇటూ ఊగి, రిసీవర్‌కి స్టార్ట్ బిట్‌లా కనిపించింది.

మందు బయాస్ రెసిస్టర్లు. ప్లస్ వైరు నుంచి 5 వోల్టులకి ఒకటి, మైనస్ వైరు నుంచి గ్రౌండ్‌కి ఒకటి, లైన్ మొత్తం మీద ఒకేచోట. మోడ్‌బస్ సీరియల్ లైన్ పత్రంలో వీటిని 450 నుంచి 650 ఓమ్‌ల మధ్య ఉంచమని ఉంది. 560 తీసుకుందాం. రెండు చివర్లా టెర్మినేటర్లుంటే మధ్యలో 60 ఓమ్‌లు. మొత్తం 1180. 5 వోల్టులకి పారేది 4.2 మిల్లీ ఆంపియర్లు, 60 ఓమ్‌ల మీద పడేది 254 మిల్లీవోల్టులు. 200 దాటింది, చాలు. బయాస్ లేకుండా టెర్మినేటర్లు మాత్రం పెడితే ఖాళీ వోల్టేజీ ఇంకా సున్నాకి దగ్గరై పరిస్థితి ఇప్పటికంటే చెడుతుంది. అందుకే ముందు 120 ఓమ్‌లు పెట్టేయమనే సలహాకి నేను అంత గట్టిగా అడ్డుపడ్డాను.

చంపావతి_99

ఇంత దూరం ఎందుకు? పైసీరియల్‌తో నేరుగా చదివి, ముందు 00 వస్తే కోసేసి మిగతాది తీసుకుంటే సరిపోదా? నాలుగు లైన్ల కోడ్.

బొబ్బిలి_ప్యానెల్

ఈరోజు 00 వచ్చింది కోసేస్తావు. రేపు బ్లోయర్ లోడు మారితే డేటా మధ్యలోనే బిట్ తిరగబడుతుంది, దాన్నెలా కోస్తావు? లైన్ ఊగుతోందని సీఆర్‌సీ చెప్తోంది. దాని నోరు మూయొద్దు.

రాజాం_కుర్రాడు

మేడం, ఇప్పుడు అర్థమైంది. థాంక్యూ. నాకో చిన్న డౌట్. నేను పైమోడ్‌బస్ వాడుతున్నాను. పాత ఉదాహరణలో ఉన్నట్టే యూనిట్ అని ఇస్తే అలాంటి ఆర్గ్యుమెంట్ లేదంటోంది.

పైడిభీమవరం_షిఫ్ట్

వర్షన్ల మధ్య ఆ పేరు మారుతూ వచ్చింది. మొదట యూనిట్, 3 సిరీస్‌లో స్లేవ్, 3.10 నుంచి డివైస్ ఐడీ. నీ దగ్గర ఏ వర్షన్ ఉందో పిప్‌తో చూసుకుని దానికి తగ్గట్టు రాయి. ఫ్యాక్టరీలో పెట్టే కోడ్‌కైతే లైబ్రరీ వర్షన్‌ని రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో కట్టిపడెయ్యి. ఎవరో అప్‌డేట్ కొట్టి రాత్రికి రాత్రి రీడింగ్ ఆగిపోవడం చూశాను.

పలాస_పిక్కలు

మరి ఎనర్జీ మీటర్ సంగతి? దాన్ని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) చదవమని ఉంది. విడిగా రెండు రిజిస్టర్లు చదివితే 17254, 32768 వస్తున్నాయి. ఒక వీడియోలో వేరే మీటర్‌కి వాడిన బైట్ వరసతో చదివితే మైనస్ సున్నా.

గంటస్తంభం

మోడ్‌బస్ రిజిస్టర్ అంటే 16 బిట్లే. 32 బిట్ల ఫ్లోట్‌ని రెండు రిజిస్టర్లలో పెడతారు. పెద్ద సగం ముందా, చిన్న సగం ముందా అన్నది మోడ్‌బస్ ప్రమాణం చెప్పలేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంది.

17254 ని హెక్స్‌లో రాస్తే 4366. 32768 అంటే 8000. వచ్చిన వరసలోనే కలిపితే 43668000, అది ఫ్లోట్‌గా చూస్తే సరిగ్గా 230.5. మీ మీటర్ డిస్‌ప్లే మీద ఉన్నదే. తిరగేసి కలిపితే 80004366. మొదటి బిట్ ఒకటి కాబట్టి మైనస్, మిగతాది సున్నాకి అతి దగ్గరగా ఉండే అంకె. తెర మీద మైనస్ సున్నాలా కనిపించింది. మీ మీటర్‌కి లైబ్రరీ డిఫాల్ట్ వరసే సరైనది, ఆ వీడియోలోని వరస తీసేయండి.

తెలిసిన విలువతో పోల్చి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. డిస్‌ప్లే ఉన్న పరికరమైతే అది చూపే అంకె పక్కన పెట్టుకుని రెండు వరసలూ ప్రయత్నించండి.

మాన్యువల్‌లో 40001, 30001 అని ఉంటే తికమక పడకండి. ముందున్న అంకె రిజిస్టర్ రకం చెప్తుంది, లైన్ మీద వెళ్లే అడ్రస్ మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. 40001 అంటే ఫంక్షన్ 03, అడ్రస్ 0. కొన్ని మాన్యువళ్లలో నేరుగా లైన్ అడ్రసే ఇస్తారు. పక్క రిజిస్టర్ విలువ వస్తోందనిపిస్తే ఒకటి అటూ ఇటూ జరిపి చూడండి.

భావనపాడు_ఐస్

మేడం, ఇదే ఊపులో నాదీ చూడండి. మాది రొయ్యల కోల్డ్ రూం. పగలు తలుపులు తీసి కడిగేటప్పుడు రీడింగ్ బాగానే ఉంటుంది. చల్లబడ్డాక 6535.4 డిగ్రీలు అంటోంది. సెన్సర్ పోయిందని కొత్తది తెప్పించారు, అదీ అంతే.

గంటస్తంభం

సెన్సర్ బాగానే ఉంది. 65354 నుంచి 65536 తీసేయండి. మైనస్ 182, అంటే మైనస్ 18.2 డిగ్రీలు. సున్నా దిగాక సెన్సర్ రుణసంఖ్య పంపుతోంది, మీ కోడ్ దాన్ని ధనసంఖ్యగా చదువుతోంది. మినిమల్‌మోడ్‌బస్‌లో రీడ్ రిజిస్టర్‌కి సైన్డ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, దానికి ట్రూ ఇవ్వండి.

భావనపాడు_ఐస్

మైనస్ 18.2! వచ్చేసింది మేడం. చాలా చాలా థాంక్స్. పాత సెన్సర్ పారేయకుండా ఉంచాం, దాన్ని రెండో రూంలో పెడతాం.

పలాస_పిక్కలు

అన్నా, మేడం, కొత్త కేబుల్ రావడానికి టైం పడుతుంది. బయాస్ మాత్రం ఇవాళే పెట్టాను. ఖాళీ వోల్టేజీ నిలబడింది, ఎర్రర్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఈలోగా ఎర్రర్ వచ్చినప్పుడు పాత విలువనే మళ్లీ రాసేలా కోడ్ పెడితే గ్రాఫ్ నున్నగా వస్తుందని మావాళ్లు అంటున్నారు. పెట్టొచ్చా?

చంపావతి_99

పెట్టొచ్చు. బోర్మా వేడి పది సెకన్లలో ఏమంత మారదు. నేను అన్నిచోట్లా అలాగే చేస్తాను. మధ్యలో తెగిన గ్రాఫ్ చూస్తే ఓనర్లు కంగారు పడతారు.

భావనపాడు_ఐస్

దయచేసి పెట్టకండి. మాకు ఇదివరకు ఒకాయన చేసిచ్చిన ప్రోగ్రాంలో ఇదే ఏర్పాటు ఉండేది. రాత్రి సెన్సర్ వైరు ఊడిపోయింది. తెర మీద మాత్రం తెల్లవార్లూ ఒకే అంకె, పచ్చరంగులో. కంప్రెసర్ ఆగిన సంగతి తెల్లారి తలుపు తీసినవాడికి వాసన వల్ల తెలిసింది. ఒక్క ఖాళీ గడి కనిపించి ఉంటే వాచ్‌మన్ ఫోన్ చేసేవాడు.

బొబ్బిలి_ప్యానెల్

నాదీ అదే మాట. సున్నా రాయడం కూడా అంతే తప్పు. సున్నా అనేది ఒక రీడింగ్, రీడింగ్ లేకపోవడం వేరు. రీడింగ్ లేకపోతే లేదనే రాయాలి. బోర్మా దగ్గరున్న మనిషి ఆ అంకె చూసి హీటర్ తగ్గిస్తాడు, పెంచుతాడు. మనం కల్పించిన అంకె చూసి అతను చెయ్యి కదిపితే ఆ పప్పుకి ఎవరు జవాబు చెప్తారు?

చంపావతి_99

ఆ కోల్డ్ రూం సంగతి చదివాక కాదనలేను. అయితే గ్రాఫ్ గీసేటప్పుడు చిన్న ఖాళీని గీతతో కలపొచ్చు కదా, డేటాబేస్‌లో మాత్రం ఖాళీగానే ఉంచి?

గంటస్తంభం

ఆ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, ఖాళీ చిన్నదైతే. దాచే చోట నిజం ఉండాలి, చూపించే చోట వెసులుబాటు ఉండొచ్చు.

కోడ్ నడక ఇలా ఉంటే బాగుంటుంది. పది సెకన్లకోసారి ఐదు పరికరాలనీ వరసగా అడగండి. ఒక్కోదానికి సమాధానం రాకపోయినా, సీఆర్‌సీ తప్పినా ఇంకో రెండుసార్లు అడగండి, మధ్యలో కాస్త ఆగి. అప్పటికీ రాకపోతే విలువ గడిలో నన్ (పైథాన్‌లో విలువ లేదని చెప్పేది), పక్కనే ఎందుకు రాలేదో ఒక మాట. సమాధానం రాలేదా, సీఆర్‌సీ తప్పిందా, సెన్సరే కాదందా, ఈ మూడూ వేరువేరు జబ్బులు కాబట్టి వేరుగా రాయాలి. సెన్సర్ కాదన్నప్పుడు ఫంక్షన్ నంబర్‌కి 80 హెక్స్ కలిపి పంపుతుంది. 04 అడిగితే 84 వస్తుంది, దాని వెనక 02 ఉంటే ఆ రిజిస్టర్ లేదని అర్థం. వైరు బాగున్నట్టు, మీరు అడిగిన చోటు తప్పైనట్టు.

టైమౌట్ కూడా చూసుకోండి. మినిమల్‌మోడ్‌బస్‌లో అది డిఫాల్ట్‌గా 0.05 సెకను. చవక సెన్సర్లు కొన్ని అంతకంటే నెమ్మదిగా పలుకుతాయి. 0.3 పెట్టండి. అడిగేది 8 బైట్లు, వచ్చేది 9, మొత్తం 17. ఈ స్పీడులో బైట్‌కి ఒక మిల్లీ సెకను పైచిలుకు, అంటే 18 మిల్లీ సెకన్లు. పది సెకన్లలో ఐదు పరికరాలకి బోలెడంత తీరిక ఉంది, కంగారు లేదు. డిఫాల్ట్ స్పీడు ఆ లైబ్రరీలో 19200 అని కూడా గుర్తుంచుకోండి, 9600 మనమే ఇవ్వాలి.

పైడిభీమవరం_షిఫ్ట్

ఇంకో రెండు విషయాలు. కన్వర్టర్ ఊడి మళ్లీ తగిలితే లైనక్స్ దానికి టీటీవై యూఎస్‌బీ 0 బదులు 1 అని పేరు పెట్టొచ్చు, మీ ప్రోగ్రాం పాత పేరు పట్టుకుని వేలాడుతుంది. డెవ్ ఫోల్డర్‌లో సీరియల్ కింద బై ఐడీ అనే చోట మారని పేరు దొరుకుతుంది. సీహెచ్ 340 చిప్ ఉన్నవాటికి మామూలుగా విడి సీరియల్ నంబర్ ఉండదు. అలాంటివి రెండు పెట్టినప్పుడు బై పాత్ పేరు వాడండి, అది ఏ యూఎస్‌బీ పోర్టులో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అనుమతి లేదని ఎర్రర్ వస్తే యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చండి, అన్నిటికీ రూట్‌గా నడపకండి.

పై 4, అంతకు ముందువాటిలో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చి, నెట్ రాకపోతే తప్పు టైం వేసుకుంటుంది. డీఎస్ 3231 అనే గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించండి. మన వైపు తుపాను వస్తే కరెంటు, నెట్ ఒకేసారి పోతాయి. 2018లో తిత్లీ అప్పుడు ఉద్దానంలో ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాజాం_కుర్రాడు

అన్నా, చదవడం వచ్చాక ఇదే లైన్ మీద ఫంక్షన్ 06తో రిలే బోర్డుకి రాసి హీటర్‌ని కూడా పై నుంచే ఆపొచ్చు కదా?

బొబ్బిలి_ప్యానెల్

కుదురుతుంది. కానీ వేడి హద్దు దాటితే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ విడిగా, వైరుతో నేరుగా కాంటాక్టర్‌కి (హీటర్ కరెంటు కలిపే, తెంచే స్విచ్‌కి) ఉండాలి. దానికి పై, పైథాన్, నెట్ ఏవీ అక్కర్లేకుండా పనిచేయాలి. అది ఉన్నాక పైన నువ్వేం చేసుకున్నా పర్వాలేదు. అది లేకుండా ప్రోగ్రాం మీద హీటర్‌ని వదిలితే నేను ఒప్పుకోను. అక్కడ మనుషులు పనిచేస్తారు.

పలాస_పిక్కలు

కొత్త సంగతులు చెప్దామని వచ్చాను. మెలేసిన, షీల్డ్ ఉన్న కేబుల్ వచ్చింది. జంక్షన్ బాక్స్ తీసేసి ఆఫీసు, ప్యానెల్ మీటర్, మొదటి బోర్మా, రెండో బోర్మా అని వరసగా లాగాం. కామన్ వైరు కలిపాం. షీల్డ్ ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్. మోటారు కేబుల్‌తో ఒక్కచోటే కలుస్తుంది, అడ్డంగా. రెండు చివర్లా 120, ఆఫీసు వైపు బయాస్. ఖాళీ లైన్ మీద 250 మిల్లీవోల్టుల దగ్గర నిలబడింది, బ్లోయర్ వేసినా కదల్లేదు. నిన్న రాత్రి షిఫ్టు మొత్తంలో ఒక్క సీఆర్‌సీ ఎర్రర్ లేదు. సమాధానం రానివి రెండే, రెండూ కరెంటు మారి జనరేటర్ అందుకున్నప్పుడు. అవి గ్రాఫ్‌లో ఖాళీగానే ఉన్నాయి.

ఒక కొత్త సంగతి కూడా బయటపడింది. రెండో బోర్మాలో పై ట్రేల దగ్గర సెన్సర్ కింది దానికంటే ఎప్పుడూ నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. రెండు సెన్సర్లూ చోట్లు మార్చి చూశాను, తేడా చోటుతోనే ఉంది, సెన్సర్‌తో రాలేదు. పై ట్రే పప్పు రంగు తేడాగా వస్తోందని ఒలిచేవాళ్లు ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నారు. ఓనరు గారు ఆ గ్రాఫ్ చూసి గాలి దారి మార్పించడానికి బోర్మా కట్టిన మేస్త్రీకి కబురు పెట్టారు.

గంటస్తంభం

సెన్సర్లు మార్చి చూడటం చాలా మంచి పని చేశారు. ఈ రీడింగ్‌లు గాలి దారి మార్చకముందువి కాబట్టి ఒక కాపీ విడిగా తీసి ఉంచండి. మార్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

బొబ్బిలి_ప్యానెల్

శభాష్ తమ్ముడూ. ఇప్పుడు ఒక కాగితం మీద ఏ అడ్రస్ ఏ సెన్సర్‌ది, స్పీడు, పారిటీ, టెర్మినేటర్లు ఎక్కడ, బయాస్ ఎక్కడ, ఏ రంగు వైరు ప్లస్ అన్నది రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించు. సెన్సర్ మార్చినప్పుడు కొత్తది ఫ్యాక్టరీ అడ్రస్ 1తో వస్తుంది. లైన్‌కి తగిలించక ముందే టేబుల్ మీద దాని అడ్రస్ మార్చాలి, లేకపోతే రెండు 1లు ఒకేసారి పలుకుతాయి. అది కూడా ఆ కాగితం మీదే రాయి.

పలాస_పిక్కలు

రేపు పొద్దున్నే అంటిస్తాను అన్నా. మా ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే రాస్తాను, నేను లేనప్పుడు చూసేది అతనే.